ఆజ్ఞ, హితవు, మౌనం: విమాన నియంత్రణలో యంత్రవాక్కు – కర్తృత్వ విచారణ

తెలుగులో తృతీయా విభక్తి ప్రత్యయమైన ‘చేత’ మూడు వేర్వేరు సంబంధాలను ఒకే రూపంతో మోస్తుంది. ‘వడ్రంగిచేత చెట్టు నరకబడింది’ అన్నప్పుడు అది కర్తను చెబుతుంది. ‘గొడ్డలిచేత చెట్టు నరకబడింది’ అన్నప్పుడు కరణాన్ని చెబుతుంది. ‘యజమాని వడ్రంగిచేత చెట్టు నరికించాడు’ అన్నప్పుడు మరొకరి ప్రేరణతో పనిచేసే ప్రయోజ్యకర్తను చెబుతుంది. వినేవారికి ఈ మూడింటి నడుమ సందిగ్ధత కలగదు. గొడ్డలికి ఇచ్ఛ లేదనీ, వడ్రంగికి ఉందనీ, యజమాని చేతిలో గొడ్డలి లేదనీ లోకానుభవం ముందే చెప్పి ఉంచింది. ప్రత్యయం విడదీయని దాన్ని లోకజ్ఞానం విడదీస్తున్నది.

అయితే గొడ్డలి మాట్లాడడం మొదలుపెడితే? ‘ఇక్కడ నరుకు, ఇప్పుడే నరుకు’ అని అది విధ్యర్థకంలో పలికితే, వడ్రంగి ఆ మాట విని నరికితే, ఆ చెట్టు ఎవరిచేత నరకబడినట్లు? పాణిని కర్తను స్వతంత్రుడిగా, కరణాన్ని క్రియాసిద్ధికి అన్నిటికంటె ఎక్కువగా తోడ్పడేదిగా నిర్వచించాడు. ఆ స్వతంత్రుణ్ణి ప్రేరేపించేవానికి కర్త అనే పేరుతో పాటు హేతువనే పేరూ ఇచ్చాడు. మాట్లాడే పనిముట్టు ఈ మూడు స్థానాల్లో దేనిలో నిలుస్తుందన్నది నేటికి కేవలం వ్యాకరణ చమత్కారంగా మిగల్లేదు. అది న్యాయస్థానాల్లో తీర్పులుగానూ, కొన్ని సందర్భాల్లో చావులుగానూ తేలిన ప్రశ్న. ఆ ప్రశ్న అత్యంత స్పష్టంగా బయటపడిన రంగం విమానాల రాకపోకల నియంత్రణ. యంత్రం చెప్పగా మనిషి చేసిన పనికీ, యంత్రం చెప్పినా మనిషి చేయని పనికీ కర్తృత్వాన్ని ఎలా నిర్ణయించాలో ఆ రంగాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భారతీయ ఆలంకారికులు ఉపదేశవాక్కును మూడు విధాలుగా విభజించిన తీరు ఈ పరిశీలనకు ఉపకరిస్తుందని ఇక్కడి ప్రతిపాదన.

మాటతో జరిగే పని

విమాన నియంత్రకుడు ఏ విమానాన్నీ తాకడు. చాలాసార్లు కంటితో చూడనూ చూడడు. రాడార్ తెరపై చుక్కలను, వాటి పక్కన కదిలే అంకెలను చూసి, రేడియోలో నాలుగు మాటలు చెబుతాడు. ఆ మాటలు విని పైలట్ విమానాన్ని ఎక్కిస్తాడు, దించుతాడు, తిప్పుతాడు. నియంత్రకుడి క్రియ అంతా వాక్కులోనే ఉంది. వ్యాకరణ పరిభాషలో అతడు ‘చేయువాడు’ కాడు, ‘చేయించువాడు’. అయినా ఆకాశంలో రెండు విమానాల మధ్య ఉండవలసిన దూరానికి బాధ్యత వహించేది అతడే. రాడార్ సేవ ఉన్న మార్గాల్లో ఆ దూరం సాధారణంగా పక్కకు 5 నాటికల్ మైళ్లు, నిలువుగా 1,000 అడుగులు. నిమిషానికి పన్నెండు పదమూడు కిలోమీటర్లు ప్రయాణించే విమానాలు ఎదురెదురుగా వస్తుంటే 5 నాటికల్ మైళ్లు, అంటే తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు దూరం, అర నిమిషంలోపే కరిగిపోతుంది.

ఇటువంటి పనిలో మనిషికి ఏది అప్పగించాలి, యంత్రానికి ఏది అప్పగించాలి అన్న ప్రశ్న తొలిసారి పద్ధతిగా చర్చకు వచ్చిందీ ఈ రంగంలోనే. 1951లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ సంపాదకత్వంలో వెలువడిన నివేదిక విమాన మార్గదర్శనం, రాకపోకల నియంత్రణల గురించి రాసినదే. మనుషులు దేనిలో మేలు, యంత్రాలు దేనిలో మేలు అని చెప్పే ప్రసిద్ధమైన జాబితా అందులోనిది. వేగం, పునరావృత్తి, గణన యంత్రానికి. వివేచన, అనుకోనిదానికి తగినట్లు మారడం మనిషికి అని ఆ విభజన. ఏడు దశాబ్దాలుగా దాన్ని విమర్శిస్తూనే అందరూ దానిమీదే ఆధారపడుతున్నారు. దాని ప్రధాన లోపం ఒకటుంది. మనిషి, యంత్రం వేర్వేరు గదుల్లో వేర్వేరు పనులు చేసుకుంటాయని అది భావించింది. యంత్రం మనిషితో మాట్లాడుతుందనీ, ఆ మాట మనిషి వివేచనలోకే ప్రవేశిస్తుందనీ దానికి తోచలేదు. తోచకపోవడంలో తప్పు లేదు. 1951 నాటి యంత్రాలకు నోరు లేదు.

2002 జులై 1

ఆ రాత్రి బోడెన్ సరస్సు మీదుగా రెండు విమానాలు ఒకే ఎత్తులో, 36,000 అడుగుల స్థాయిలో, ఒకదాని దారికి మరొకటి అడ్డంగా వస్తున్నాయి. ఒకటి మాస్కో నుంచి బార్సెలోనాకు వెళ్తున్న టుపొలేవ్-154. అందులోని 69 మందిలో అధికభాగం బష్కిరియా ప్రాంతం నుంచి సెలవులు గడపడానికి బయలుదేరిన పిల్లలు. రెండవది బెర్గామో నుంచి బ్రసెల్స్‌కు వెళ్తున్న బోయింగ్-757 సరుకు విమానం. అందులో ఇద్దరు పైలట్లు. ప్రాంతం దక్షిణ జర్మనీలోని ఊబర్లింగెన్ అయినా ఆ గగనతలాన్ని నియంత్రిస్తున్నది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కేంద్రం.

జ్యూరిక్‌లో ఆ రాత్రి విధుల్లో ఇద్దరు నియంత్రకులు ఉన్నారు. ఒకరు విశ్రాంతికి వెళ్లారు. నియమావళిలో లేకపోయినా యాజమాన్యం ఏళ్ల తరబడి చూసీచూడనట్లు వదిలేసిన అలవాటు అది. మిగిలిన ఒక్కరు రెండు తెరల ముందు రెండు రేడియో తరంగాలను వింటున్నారు. ఆలస్యంగా వస్తున్న మరొక విమానాన్ని ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో దింపే పని కూడా ఆయనదే. రాడార్ వ్యవస్థకు ఆ రాత్రే మరమ్మతులు. ఆ కారణంగా రెండు విమానాలు దగ్గరపడుతున్నప్పుడు తెరపై కనిపించవలసిన హెచ్చరిక పనిచేయడం లేదు. ప్రధాన టెలిఫోన్ వ్యవస్థను ఆపేశారు, ప్రత్యామ్నాయ లైనులో లోపం ఉంది. పొరుగున ఉన్న కార్ల్స్‌రూహె కేంద్రంలో మాత్రం హెచ్చరిక యంత్రం సుమారు రెండు నిమిషాల ముందే మోగింది. అక్కడి నియంత్రకుడు జ్యూరిక్‌కు పలుమార్లు ఫోన్ చేశాడు. లైను కలవలేదు. తన అధీనంలో లేని విమానాలతో నేరుగా మాట్లాడే అధికారం అతనికి లేదు. ప్రమాదం తెలిసిన చోట అధికారం లేదు. అధికారం ఉన్న చోట ప్రమాదం తెలియదు.

ఢీకొనడానికి 43 సెకండ్ల ముందు జ్యూరిక్ నియంత్రకుడు ప్రమాదాన్ని గమనించి టుపొలేవ్‌ను కిందికి దిగమన్నాడు. ఆ మాట విన్న పైలట్లు దిగడం మొదలుపెట్టారు. మరో ఏడు సెకండ్లకు రెండు విమానాల్లోనూ ఉన్న ఢీ నివారణ యంత్రాలు పలికాయి. టీకాస్ అని వాడుకలో పిలిచే ఈ యంత్రాలు నేలమీద ఎవరితోనూ సంబంధం లేకుండా ఒకదానితో ఒకటి సంకేతాలు మార్చుకొని, ఒకటి ఎక్కమంటే మరొకటి దిగమనేలా సమన్వయం చేసుకుంటాయి. టుపొలేవ్‌లోని యంత్రం ‘ఎక్కు’ అంది. బోయింగ్‌లోని యంత్రం ‘దిగు’ అంది. బోయింగ్ పైలట్లు యంత్రం మాట విన్నారు. టుపొలేవ్ పైలట్లు నియంత్రకుడి మాట విన్నారు. రెండు విమానాలూ దిగుతూ పోయాయి.

టుపొలేవ్ కాక్‌పిట్‌లో యంత్రం ఎక్కమంటున్నదని రెండుసార్లు గుర్తుచేసిన వ్యక్తి ఒకరున్నారు. ఆయన ఆ ప్రయాణంలో అధికారికంగా ఏ విధీ లేకుండా వెనుక సీటులో కూర్చున్న సహపైలట్. ఆ మాట ఎవరి చేతులనూ కదిలించలేదు. నియంత్రకుడు దిగమని మరోసారి, మరింత ఒత్తిడిగా చెప్పాడు. అడ్డంగా వస్తున్న విమానం కుడివైపున ఉందని కూడా చెప్పాడు. నిజానికి అది ఎడమవైపున ఉంది. ఢీకొనడానికి 13 సెకండ్ల ముందు బోయింగ్ పైలట్లు తాము యంత్రం చెప్పినట్లు దిగుతున్నామని రేడియోలో తెలియజేశారు. ఆ సమయానికి నియంత్రకుడు ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ విమానంతో మాట్లాడుతున్నాడు. 71 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

జర్మనీ విమాన ప్రమాద విచారణ సంస్థ 2004 మేలో నివేదిక ఇచ్చింది. నియంత్రకుడు సకాలంలో గమనించకపోవడాన్నీ, టుపొలేవ్ పైలట్లు యంత్రం ఎక్కమన్నాక కూడా దిగడం కొనసాగించడాన్నీ తక్షణ కారణాలుగా అది పేర్కొంది. వాటితో ఆగకుండా, ఢీ నివారణ యంత్రాన్ని విమానయాన వ్యవస్థలో తగినట్లు ఇమడ్చలేదనీ, దాని గురించిన అంతర్జాతీయ, జాతీయ నియమాలు అసంపూర్ణంగా, కొన్నిచోట్ల పరస్పర విరుద్ధంగా ఉన్నాయనీ తేల్చింది. టుపొలేవ్ సంస్థ పైలట్ల చేతిలో ఉన్న పుస్తకాల్లో ఒకటి నియంత్రకుడి మాటకు ప్రాధాన్యమిచ్చి, యంత్రాన్ని అదనపు సహాయంగా పరిగణించింది. అంటే ఆ పైలట్లు నియమాన్ని ధిక్కరించలేదు. రెండు నియమాల్లో ఒకదాన్ని పాటించారు.

ప్రభువు, మిత్రుడు, కాంత

ఉపదేశవాక్కు మూడు రకాలని అలంకారశాస్త్రం చెబుతుంది. వేదవాక్యం ప్రభుసమ్మితం, అది ఆజ్ఞాపిస్తుంది. పురాణవాక్యం సుహృత్సమ్మితం, అది కారణం చెప్పి ఒప్పిస్తుంది. కావ్యవాక్యం కాంతాసమ్మితం, అది ఉపదేశిస్తున్నదని తెలియనీయకుండానే ఉపదేశిస్తుంది. మమ్మటుడు కావ్యప్రయోజనాల్లో ఈ మూడవదాన్ని చేర్చాడు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుని ఆశ్రయంలో విద్యానాథుడు మూడింటినీ ఒకచోట చెప్పి కావ్యానికి పెద్దపీట వేశాడు. ఆలంకారికులకు ఇది కావ్యాన్ని సమర్థించుకొనే ఉపాయం. నైతిక దృష్టితో చూస్తే ఇందులో మరొక విషయం దాగి ఉంది. ఈ మూడు వాక్కులూ వినేవాని స్వాతంత్ర్యాన్ని మూడు విధాలుగా తాకుతాయి. ప్రభువు మాట విన్నవానికి తాను ఆజ్ఞకు లోబడినట్లు తెలుసు. మిత్రుని మాట విన్నవానికి తాను ఆలోచించి ఒప్పుకున్నట్లు తెలుసు. మూడవ వాక్కు విన్నవాడు మాత్రం, మరొకరి మాటకు లోబడి కూడా, ఆ కోరిక తనలోనే పుట్టిందనుకుంటాడు.

విమాన నియంత్రణలో యంత్రాల మాటలను ఈ దృష్టితో పరిశీలిస్తే వాటి స్వభావం తేటపడుతుంది. టీకాస్ మాట ప్రభుసమ్మితం. దానికి కారణం చెప్పే తీరిక లేదు, వినేవానికి అడిగే తీరిక లేదు. ఢీకొనడానికి అర నిమిషం ఉందనగా వచ్చే మాట ఆజ్ఞ కాక మరేదైనా అయితే నిరుపయోగం. వైదిక విధివాక్యానికి మీమాంసకులు చెప్పే లక్షణం ఒకటి దీనికి అచ్చంగా సరిపోతుంది: విధికి ప్రామాణ్యం దాని వెనుక వక్త ఎవరన్నదానిపై ఆధారపడదు. కాని మీమాంసకులు మరో మాట కూడా పట్టుబట్టి చెప్పారు. రెండు విధులు విరుద్ధంగా కనిపించినప్పుడు ఏది బలీయమో నిర్ణయించే క్రమం ముందే ఉండాలి. శ్రుతి, లింగం, వాక్యం మొదలైన ప్రమాణాల బలాబలాలను వారు అంత శ్రద్ధగా వరుస కట్టింది యజ్ఞం మధ్యలో ఋత్విక్కు ఆగిపోకూడదనే. ఊబర్లింగెన్ మీద ఇద్దరు ప్రభువులు ఒకేసారి ఆజ్ఞాపించారు. ఒకరి మాట మరొకరికి తెలియదు. బలాబల నిర్ణయం లేదు. పైలట్‌కు మిగిలింది ఎవరి సేవకుడో ఎంచుకోవడమే. అటువంటి ఎంపికను స్వాతంత్ర్యమని పిలవడం సాహసమే.

ఈ ప్రమాదం అనూహ్యం కూడా కాదు. 2001 జనవరి 31న జపాన్‌లోని యాయిజు సమీపంలో ఇదే కథ దాదాపుగా నడిచింది. శిక్షణలో ఉన్న నియంత్రకుడు ఒక విమానాన్ని దిగమనబోయి మరొక విమానం పేరు పలికాడు. యంత్రం ఆ విమానాన్ని ఎక్కమంది. కెప్టెన్ నియంత్రకుడి మాట ప్రకారం దిగుతూనే పోయాడు. చివరి క్షణంలో కంటితో చూసి తప్పించడం వల్ల రెండు విమానాల్లోని 677 మంది బతికారు, సుమారు వంద మంది గాయపడ్డారు. యంత్రానికీ నియంత్రకుడికీ మధ్య విరోధం వస్తే ఎవరి మాట చెల్లాలన్న ప్రశ్న ఆనాడే ప్రపంచం ముందుకు వచ్చింది. అంతర్జాతీయ నియమాల్లో యంత్రం మాటే పాటించాలని స్పష్టంగా సవరణ వచ్చింది మాత్రం 2003 నవంబరులో. ఆ రెండు తేదీల మధ్య ఊబర్లింగెన్ ఉంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. మనిషి మాటను కాదని యంత్రం మాటను పాటించమనడం మనిషిని తక్కువచేయడం కాదా? హర్యానాలోని చర్ఖీ దాద్రీ ఉదంతం ఈ ఆక్షేపణకు బదులిస్తుంది. 1996 నవంబరు 12న అక్కడ సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది మరణించారు. ఢిల్లీ నియంత్రకుడు ఎత్తు సరిగానే కేటాయించాడు, ఎదురుగా విమానం వస్తున్నదనీ చెప్పాడు. కజక్ విమానం కేటాయించిన 15,000 అడుగుల కంటె కిందికి దిగింది. విమానం ఎత్తును చూపగల రాడార్ ఆనాడు ఢిల్లీ నియంత్రకుడి వద్ద లేదు కనుక ఆ సంగతి ఆయనకు తెలిసే మార్గమే లేదు. అక్కడ ఒకే ప్రభువు ఉన్నాడు, అతడు అంధుడు. చూపు లేని అధికారాన్ని మనిషి చేతిలో ఉంచినంత మాత్రాన మానవ గౌరవం నిలబడదు. ఆ దుర్ఘటన తర్వాత భారతదేశం తన గగనతలంలో ఢీ నివారణ యంత్రాన్ని తప్పనిసరి చేయడం మనిషికి అవమానం కాదు, చూపు.

ప్రభుసమ్మితమైన యంత్రం గురించి చర్చ ఎక్కువగా జరిగింది. శవాలు కనిపించే చోట చర్చ జరగడం సహజం. మిత్రసమ్మితమైన యంత్రాల గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. ఇంగ్లండ్‌లోని స్వాన్‌విక్ కేంద్రంలో 2011 నుంచి వాడుకలో ఉన్న వ్యవస్థ పద్దెనిమిది నిమిషాల తర్వాత ఏ రెండు విమానాలు దగ్గరవుతాయో లెక్కగట్టి నియంత్రకుడి ముందు ఉంచుతుంది. ఫలానా ఎత్తు ఇస్తే ఏమవుతుందని అడిగితే జవాబు చూపుతుంది. ‘దిగు’ అనదు. ఇస్తే ఇలా జరుగుతుంది అంటుంది. భాషాదృష్టితో చూస్తే ఇది విధ్యర్థకం నుంచి చేదర్థకానికి మారడం. చేదర్థకం వినేవానికి కారణాన్నీ ఫలితాన్నీ చూపి, నిర్ణయాన్ని అతని దగ్గరే వదిలేస్తుంది. మిత్రుడు చేసే పని అదే. పద్దెనిమిది నిమిషాలు ఉండటం వల్లనే యంత్రం మిత్రుడు కాగలిగింది. అర నిమిషమే ఉంటే మిత్రుడు కూడా అరవక తప్పదు. కాబట్టి ఒక యంత్రం ఆజ్ఞాపిస్తుందా, హితవు చెబుతుందా అన్నది దాని బుద్ధిబలం కంటె అది మనిషికి మిగిల్చే కాలంపైనే ఎక్కువ ఆధారపడి ఉంది. కాలాన్ని ఇవ్వడమే ఈ రంగంలో గౌరవం ఇవ్వడం.

మూడవ రకం వాక్కు వద్ద ఆలోచన చిక్కుబడుతుంది. దిగవలసిన విమానాలను వరుసకట్టే యంత్రాలు పెద్ద విమానాశ్రయాల్లో ఉన్నాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఒక పట్టికగా తెరపై కనిపిస్తుంది. నియంత్రకుడు దాన్ని మార్చవచ్చు. మార్చడానికి శ్రమ పడాలి, మార్చకపోవడానికి శ్రమ అక్కర్లేదు. ఏ విమానం పేరు ముదురు రంగులో ఉంది, ఏది లేత రంగులో ఉంది, ఏది తెరపై ముందు కంటబడుతుంది అన్నవి ఆజ్ఞలు కావు, హితవులూ కావు. అయినా చేతిని నడుపుతాయి. కావ్యంలో రసమనిపించుకొనేది ఇక్కడ తెర అమరిక. యంత్రం పాత్ర ఏమాత్రం లేని స్థితి నుంచి మనిషి ప్రమేయమే లేని స్థితి వరకు పది మెట్ల సోపానాన్ని థామస్ షెరిడన్, విలియం వెర్‌ప్లాంక్ 1978లో ప్రతిపాదించారు. దానికి 2000లో రాజా పరాశురామన్, షెరిడన్, క్రిస్టఫర్ వికెన్స్ ఇచ్చిన రూపంలో ఒక మెట్టు మరీ ఆలోచింపజేస్తుంది: నిర్ణీత సమయంలో మనిషి కాదనకపోతే యంత్రం తన నిర్ణయాన్ని తానే అమలు చేస్తుంది. మౌనం అర్ధాంగీకారమని మన సామెత. ఆ సామెతలో ‘అర్ధ’ అనే మాట ఉంది. యంత్రరచనలో అది పూర్ణాంగీకారమైంది. రెండు రేడియోలు వింటూ, మూడో విమానంతో మాట్లాడుతున్న మనిషి మౌనం దేనికి అంగీకారం?

స్వతంత్రుడెవరు

1983లో బ్రిటిష్ పరిశోధకురాలు లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ యాంత్రీకరణలోని వైపరీత్యాల గురించి రాసిన చిన్న వ్యాసం ఈ చర్చకు మూలస్తంభం. యంత్రాన్ని రూపొందించేవారు సులభమైన పనులన్నీ యంత్రానికిచ్చి, తాము యాంత్రీకరించలేకపోయిన వాటిని మనిషికి వదులుతారు. మామూలు రోజుల్లో పని చేయని మనిషికి నైపుణ్యం తరుగుతుంది. యంత్రం విఫలమైన రోజున అసాధారణ నైపుణ్యం కావాలి. ఆమె వ్యాసం ప్రధానంగా కర్మాగారాల గురించే అయినా, కాగితపు పట్టీల మీద చేత్తో రాసుకుంటూ ఆకాశాన్ని మనసులో నిలుపుకొన్న నియంత్రకుల తరం, తెర మాత్రమే ఎరిగిన తరానికి చోటిస్తున్న కాలంలో ఆ మాట ఇంకా బరువెక్కింది. కర్తకు చెప్పిన స్వాతంత్ర్యం పుట్టుకతో వచ్చే గుణం కాదు. అభ్యాసంతో నిలిచే సామర్థ్యం. అభ్యాసాన్ని తొలగించి బాధ్యతను ఉంచడం న్యాయం కాదు.

బాధ్యతను మాత్రం ఉంచుతూనే ఉన్నారు. యాయిజు కేసులో శిక్షణార్థిని, పర్యవేక్షకురాలైన నియంత్రకురాలిని కింది కోర్టు నిర్దోషులంది. పై కోర్టు దోషులంది. 2010లో జపాన్ సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది. తప్పు పేరు పలకడం తప్పే. అయితే ఆ తర్వాత యంత్రం చెప్పిన మాటను కెప్టెన్ వినకపోవడానికి వెనుక ఉన్న నియమాల సందిగ్ధత ఏ మనిషి తప్పుగానూ బోనులో నిలబడలేదు. ఊబర్లింగెన్ విషయంలో 2007లో స్విస్ న్యాయస్థానం నియంత్రణ సంస్థ ఉద్యోగులు నలుగురిని దోషులుగా తేల్చింది. ఆ రాత్రి తెర ముందు కూర్చున్న నియంత్రకుడు ఆ తీర్పు వినలేదు. భార్యనూ ఇద్దరు పిల్లలనూ ఆ ప్రమాదంలో కోల్పోయిన ఒక తండ్రి 2004 ఫిబ్రవరిలో ఆయన ఇంటి ముంగిటకు వచ్చి కత్తితో పొడిచి చంపాడు. తండ్రి దుఃఖానికి ఒక ముఖం కావలసి వచ్చింది. ఆపేసిన టెలిఫోన్‌కు, పనిచేయని హెచ్చరికకు, ఒక్క మనిషిని రెండు తెరల ముందు కూర్చోబెట్టిన అలవాటుకు, రెండు రకాలుగా రాసిన పుస్తకాలకు ముఖం లేదు.

భగవద్గీత పద్ధెనిమిదవ అధ్యాయం కర్మసిద్ధికి ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. ఐదుండగా తానొక్కడే కర్తననుకొనేవాని చూపు సరైనది కాదని అక్కడి బోధ. ఈ బోధను సాధారణంగా అహంకారాన్ని తగ్గించడానికి వాడతారు. మరొకర్ని ఒంటరి కర్తగా నిలబెట్టి శిక్షించడానికీ ఇది అంతే అడ్డు. జ్యూరిక్ గదిని అధిష్ఠానంగా, యంత్రాలను కరణాలుగా, ఎవరెవరో చేసిన మరమ్మతులను చేష్టలుగా చదివితే ఆ నియంత్రకుడు ఐదింటిలో ఒక్కడు. అయితే ఈ చదువులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఐదవదైన దైవం చాలా అనువైన ఆశ్రయం. వ్యవస్థాలోపమన్న మాటను నేడు సంస్థలు దైవమన్న మాటలాగే వాడుతున్నాయి: ఎవరూ చేయలేదు, అలా జరిగింది. స్విస్ తీర్పు విలువ ఇక్కడే తెలుస్తుంది. అది ముఖం లేదనుకున్న కారణాలకు నాలుగు ముఖాలను వెతికింది. రాత్రి ఒక్కరే ఉండటాన్ని సహించినవారూ కర్తలే. వారి కర్తృత్వం ప్రయోజకమైనది, చేయించినది.

కాబట్టి కర్తను వెతికేవారు ఆఖరి మాట ఎవరిదని అడగడం చాలదు. ఆ మాట పలికినవానికి పలికే సమయానికి ఏం తెలుసు, తెలుసుకోవడానికి ఎంత సమయం మిగిలింది, యంత్రాన్ని కాదనగలిగే స్థితి నిజంగా ఉందా, లేక కాగితం మీద మాత్రమే ఉందా అని అడగాలి. ఈ మూడూ లేనివాడు వ్యాకరణరీత్యా ‘చేత’ ప్రత్యయం తగిలించుకున్నా కరణానికి దగ్గరివాడు. అతణ్ణి కర్తగా నిలబెట్టినవారు అతనికంటె ముందు జవాబు చెప్పవలసినవారు.

ఊబర్లింగెన్ తర్వాత రెండు దారుల్లో మార్పులు వచ్చాయి. ఒక దారి యంత్రాన్ని ఇంకా ముందుకు నడిపింది. రెండు విమానాలూ ఒకే దిశలో కదులుతుంటే తన ఆజ్ఞను తిప్పుకొనే సామర్థ్యాన్ని టీకాస్ కొత్త రూపంలో మెరుగుపరిచారు. ఆ రూపంలోనే మరో చిన్న మార్పూ ఉంది. నిలువు వేగాన్ని సరిచేసుకోమని చెప్పే పాత మాటను కొందరు పైలట్లు తప్పుగా అర్థం చేసుకొని వ్యతిరేక దిశలో స్పందించారు. దాని స్థానంలో సమతలంగా ఎగరమనే సూటి మాట పెట్టారు. ఒక క్రియాపదాన్ని మార్చడం ప్రాణరక్షణ చర్య అయిన సందర్భం ఇది. 2009లో ఎయిర్‌బస్ ఏ-380లో ఆటోపైలటే టీకాస్ ఆజ్ఞను పాటించే ఏర్పాటుకు అనుమతి లభించింది. అక్కడ ‘చేయించు’ యంత్రం ‘చేయు’ యంత్రమైంది. పైలట్ పక్కన ఉండి చూస్తాడు, కావాలంటే ఆపుతాడు.

రెండవ దారి నియంత్రకునివైపు సాగింది. టీకాస్ ఆజ్ఞను పాటిస్తున్నామని పైలట్ చెప్పిన క్షణం నుంచి నియంత్రకుడు ఆ విమానం దారిని మార్చే ప్రయత్నం చేయకూడదనీ, దూరం కాపాడే బాధ్యత అప్పటికి అతనిది కాదనీ అంతర్జాతీయ నియమం. ఒక వాక్యం పలకడంతో బాధ్యత ఒకరి నుంచి మరొకరికి దాటుతుంది. దానం చేసేటప్పుడు ధారపోసే నీటిలాంటి వాక్యం అది. 13 సెకండ్ల ముందు బోయింగ్ పైలట్లు పలికినది ఆ వాక్యమే, నియంత్రకుని చెవిన పడనిదీ ఆ వాక్యమే. అందుకే పైలట్ చెప్పేదాకా ఆగకుండా, యంత్రం ఆజ్ఞ ఇచ్చిన వెంటనే ఆ సంగతి నేలమీది తెరపై కనిపించేలా చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. కొన్ని దేశాల కేంద్రాల్లో అది అమలులో ఉంది. దానితో కొత్త స్థితి ఏర్పడుతుంది. తెరపై సూచన వచ్చింది, పైలట్ ఇంకా పలకలేదు. ఆ కొన్ని సెకండ్లపాటు నియంత్రకునికి అంతా తెలుసు. బాధ్యత నియమం ప్రకారం ఇంకా అతనిదే. యంత్రం ఏం చెప్పిందో తెలిసినందువల్ల అతను నోరు విప్పకపోవడమే మేలు. జ్ఞాత అయి, బాధ్యుడై, చేయవలసిన పని మౌనమే అయినవానికి పాణినీయ కారకాల్లో స్థానం ఏదో, ఆ మౌనంలో ఏదైనా జరిగితే న్యాయస్థానం అతణ్ణి ఏ విభక్తితో పిలుస్తుందో ఇంతవరకు ఎవరూ నిర్ణయించలేదు.